ఒక్క పదం చుట్టూ ఎనిమిది రోజులు

2010 జూన్ 7, సోమవారం. భోపాల్ కోర్టు బయట గ్యాస్ బాధితులు గుమిగూడి ఉన్నారు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు వెలువడినప్పుడు చంకలో ఉన్న పిల్లలకు ఆ రోజుకు పాతికేళ్లు నిండాయి. తీర్పు వచ్చింది. బతికున్న ఏడుగురు భారతీయ నిందితులు దోషులు. శిక్ష రెండేళ్లు, మనిషికి లక్ష రూపాయలకు కాస్త అటూ ఇటూ జరిమానా. తీర్పు వెలువడిన రోజే అందరికీ బెయిలు దొరికింది. అమెరికాలో ఉన్న అసలు కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ కోర్టు గుమ్మం తొక్కనేలేదు.

ఆ సాయంత్రం టీవీల్లో బాధితుల ఏడుపు చూసి దేశమంతా భగ్గుమంది. ఆ వేడి నేరుగా తగిలిన చోటు ఒకటుంది. అది ఢిల్లీలో ఒక పార్లమెంటరీ సంఘం సమావేశమయ్యే గది. శాస్త్ర సాంకేతిక, పర్యావరణ, అటవీ వ్యవహారాల స్థాయీ సంఘం ముందు అప్పటికి మూడు వారాలకు పైగా ఒక బిల్లు ఉంది. అణు విద్యుత్కేంద్రంలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి, ఎవరిని వదిలేయాలి అని తేల్చే బిల్లు అది. భోపాల్ తీర్పు రాకముందు అందులో ఉన్నవి అంకెలూ క్లాజులే. వచ్చాక ఆ క్లాజుల వెనక మనుషుల ముఖాలు కనిపించడం మొదలైంది.

ఆ సంఘానికి అధ్యక్షుడు మన తెలుగువాడు, రాజ్యసభ సభ్యుడు టి. సుబ్బరామిరెడ్డి. విశాఖ నుంచి రెండుసార్లు లోక్‌సభకు గెలిచిన మనిషి. సాగరతీరాన మహాశివరాత్రి వేడుకలతో, సినిమా నిర్మాతగా మనందరికీ తెలుసు. ఆ విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు తీరం వెంట పోతే రణస్థలం మండలంలో కొవ్వాడ వస్తుంది. అమెరికా రియాక్టర్ల కోసం 2009లో కేంద్రం ఎంచిన చోట్లలో అదొకటి. అంటే ఆ గదిలో చర్చకు వచ్చిన బిల్లు ఎప్పుడో ఎక్కడో జరగబోయే ప్రమాదం గురించి మాత్రమే కాదు, సంఘం అధ్యక్షుడి సొంత తీరంలో వల వేసుకునే కుటుంబాల గురించి కూడా.

అసలు ఆ బిల్లు పార్లమెంటు గడప దాటడమే కష్టమైంది. 2005లో మన్మోహన్ సింగ్, అమెరికా అధ్యక్షుడు బుష్ కలిసి మొదలుపెట్టిన అణు ఒప్పందం ప్రభుత్వాన్ని పడగొట్టే దాకా వచ్చింది. 2008 జులైలో విశ్వాస పరీక్షలో గట్టెక్కి, అదే ఏడు అక్టోబరులో సంతకాలు పూర్తయ్యాయి. కానీ అమెరికా కంపెనీలు ఒక మెలిక పెట్టాయి. ప్రమాద బాధ్యత మొత్తం అణు కేంద్రాన్ని నడిపే సంస్థదేనని, యంత్రాలు అమ్మినవాడికి సంబంధం లేదని చట్టం చేస్తేనే వస్తామన్నాయి. 2010 మార్చి 15న బిల్లు ప్రవేశపెడతామని ప్రభుత్వం అజెండాలో పెట్టింది. మహిళా బిల్లు మీద సమాజ్‌వాదీ, ఆర్జేడీ అప్పటికే అలిగి ఉన్నాయి. బీజేపీ, వామపక్షాలు ఎలాగూ వ్యతిరేకం. తలలు లెక్కపెట్టుకున్న ప్రభుత్వం ఆ రోజు బిల్లును జేబులోంచి బయటకు తీయలేదు. చివరికి మే 7న, సమావేశాల ఆఖరి రోజున, శాస్త్ర సాంకేతిక శాఖ సహాయమంత్రి పృథ్వీరాజ్ చవాన్ దాన్ని లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ప్రతిపక్షాలు లేచి బయటికి వెళ్లిపోయాయి. ఆ వారం తిరగకముందే బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది.

బిల్లులో ఏముంది? ఆపరేటర్, అంటే మన దేశంలో ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్, గరిష్ఠంగా 500 కోట్ల రూపాయలు కడుతుంది. దానికి మించితే కేంద్రం కొంత భరిస్తుంది. అంతా కలిపి 30 కోట్ల ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్లు), అప్పటి లెక్కలో 2 వేల కోట్ల రూపాయలకు పైచిలుకు. అంతకు మించి నష్టమైతే ఆ చట్టం కింద హామీ లేదు. ఆపరేటరూ ప్రభుత్వానిదే, మిగతాది కట్టేదీ ప్రభుత్వమే. ఎటు తిప్పినా పన్ను కట్టే మనిషి జేబే. యంత్రం అమ్మినవాడిని తిరిగి అడిగే హక్కు మాత్రం 17వ క్లాజులో మూడు ముక్కలుగా ఉంది. మొదటిది, రాతపూర్వక ఒప్పందంలో ఆ మాట ఉంటే. రెండోది, సరఫరాదారు కావాలని చేసిన పని వల్లనో, ఘోరమైన నిర్లక్ష్యం వల్లనో ప్రమాదం జరిగితే. మూడోది, ఏ వ్యక్తి అయినా నష్టం చేయాలనే ఉద్దేశంతో చేస్తే.

ఈ గాథ అంతా ఆ రెండో ముక్క, 17(బి), చుట్టూనే నడిచింది.

స్థాయీ సంఘాల పనిని మనం టీవీలో చూడం. 1993లో మొదలైన ఈ ఏర్పాటులో ఒక్కో సంఘంలో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, పదిమంది రాజ్యసభ నుంచి. తలుపులు మూసి కూర్చుంటారు. విలేఖరులు లోపలికి వెళ్లలేరు. పార్టీ విప్ ఉండదు. సభలో మంత్రులు జవాబిస్తారు, ఇక్కడ శాఖల కార్యదర్శులే వచ్చి కూర్చోవాలి. ఎవరి ప్రశ్న ఎటు నుంచి వస్తుందో తెలియదు. తయారుచేసుకొచ్చిన జవాబు సరిపోకపోతే మళ్లీ రమ్మంటారు. పార్లమెంటు చేసే పనుల్లో నాకు బాగా గౌరవం ఉన్నది దీని మీదే. అరుపులూ కాగితాలు చింపడాలూ లేని చోట, ఒక ప్రభుత్వం రాసిన వాక్యాన్ని పదం పదం విడదీసి చదివే పని ఇది.

ఆ వేసవిలో సంఘం ఒక్క అణుశక్తి విభాగాన్ని పిలిచి ఊరుకోలేదు. ఆర్థిక, వ్యవసాయ, కార్మిక, ఆరోగ్య, పర్యావరణ శాఖలను వరసగా పిలిచింది. ప్రమాదం జరిగితే పంట ఏమవుతుంది? పాలూ చేపా తినొచ్చా? ఆస్పత్రికి ఎవరిని తీసుకెళ్తారు? ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన శాఖల్లో కొన్నింటిని బిల్లు రాసేటప్పుడు అసలు సంప్రదించనే లేదని ఆ గదిలో బయటపడింది.

ఈ గాథలో నన్ను ఎక్కువగా కదిలించిన ఘట్టం ఆరోగ్య శాఖది. అప్పటి కార్యదర్శి కె. సుజాతారావు, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిణి. ప్రభుత్వ కార్యదర్శి ప్రభుత్వ బిల్లును వెనకేసుకురావాలన్నది మామూలుగా అందరూ అనుకునే మర్యాద. ఆరోగ్య శాఖ ఆ మర్యాద కోసం నిజాన్ని దాచలేదు. ఇలాంటి విపత్తును ఎదుర్కోవడానికి మన ఆస్పత్రులు సిద్ధంగా లేవని, కాలిన గాయాలూ రేడియేషన్ దెబ్బలూ కలిస్తే మరణాలు చాలా ఎక్కువగా ఉండొచ్చని సంఘానికి చెప్పింది. బిల్లు మొత్తంలో పరిహారం గురించే ఉంది తప్ప, రేడియేషన్ తగిలిన మనిషికి వైద్యం గురించి ఒక్క క్లాజు కూడా లేదని ఎత్తిచూపింది. అణు కేంద్రాల దగ్గరలో శిక్షణ పొందిన వైద్యులతో ఆస్పత్రులు ఉండాలని, బాధితులకు ఉచిత చికిత్స అందాలని సూచించింది. ఇదంతా సంఘం నివేదికలో అచ్చయి ఉంది. భోపాల్‌లో ఆ రాత్రి ఆస్పత్రికి చేరినవాళ్లకు ఏ విషానికి ఏ మందు ఇవ్వాలో వైద్యులకు తెలియక పోయిన ప్రాణాలు గుర్తున్నవాళ్లకు ఆ మాటల బరువు వేరే చెప్పనక్కర్లేదు.

జూన్‌లోనే ఇంకొకటి జరిగింది. 17(బి)ని మొత్తంగా తీసేయొచ్చని సూచించే పత్రం ఒకటి అణుశక్తి విభాగం నుంచి సంఘం సభ్యుల ముందుకు వచ్చింది. భోపాల్ తీర్పు మంట ఇంకా ఆరలేదు. విదేశీ కంపెనీని తిరిగి అడిగే హక్కునే చెరిపేయమంటున్నారన్న వార్త పత్రికల్లోకి ఎక్కింది. వామపక్షాలూ బీజేపీ ఒక్కసారిగా లేచాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 17(బి) బతికింది. అప్పటికి.

ఆగస్టు 18, బుధవారం. సంఘం నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది.

మొదట చదివినవాళ్లకు అది గెలుపులాగే కనిపించింది. ఆపరేటర్ బాధ్యత 500 కోట్ల నుంచి 1,500 కోట్లకు పెంచమన్నారు. శరీరానికి జరిగిన హానికి దావా వేసే గడువు పదేళ్లు చాలదు, ఇరవై చేయమన్నారు. క్యాన్సర్ పైకి తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లు అడిగిన మార్పు అది. అణు కేంద్రం నడిపే పని ప్రైవేటు చేతికి పోకూడదన్నారు. 17(బి) కూడా గట్టిపడింది. కావాలని చేసిన పని, ఘోర నిర్లక్ష్యం అని రుజువు చేయడం కష్టం కాబట్టి, పైకి కనిపించే లోపం, లోపల దాగిన లోపం, నాసిరకం సామగ్రి, లోపభూయిష్టమైన పరికరాలు, సేవలు అని విడమరిచి రాశారు. బోరు మోటారు కొనే రైతు కూడా గ్యారంటీ కార్డు అడిగి తీసుకుంటాడు. వేల కోట్లు పెట్టి రియాక్టరు కొనే దేశానికి ఆపాటి హక్కు ఉండొద్దా అన్నది ఆ మార్పు వెనకున్న న్యాయం.

కానీ ఆ పేజీని ఇంకోసారి, నెమ్మదిగా చదివినవాళ్లు ఉన్నారు. 17(ఎ) చివర, ఒప్పందంలో రాసి ఉండాలి అన్న వాక్యం ముగిసే చోట, సెమికోలన్ తర్వాత ఒక చిన్న పదం ఉంది. ‘అండ్’.

ప్రభుత్వం మేలో తెచ్చిన బిల్లులో అది లేదు.

మూడక్షరాల ఇంగ్లిష్ పదం ఏం చేస్తుందో అర్థం కావాలంటే ఒక కోర్టును ఊహించుకోవాలి. ఇది పూర్తిగా కల్పన. ఎక్కడో ఒక తీరంలో రియాక్టరులో వాల్వు పగిలింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎన్‌పీసీఐఎల్ పరిహారం కట్టింది. కట్టిన సొమ్ము రాబట్టుకోవడానికి విదేశీ సరఫరాదారును కోర్టుకు లాగింది.

‘‘ఈ వాల్వు మీ కంపెనీ పంపిందే కదండీ?’’

‘‘అవును.’’

‘‘పోత పోసినప్పుడే లోపల పగులు ఉందని పరీక్షలో తేలింది. ఒప్పుకుంటారా?’’

‘‘ఒప్పుకుంటాం.’’

‘‘అయితే 17(బి) ప్రకారం నష్టం భరించండి.’’

‘‘ఒక్క (బి) చాలదండీ. చట్టంలో (ఎ), (బి) కలిపి ఉన్నాయి. లోపమూ ఉండాలి, ఒప్పందంలో ఆ షరతూ ఉండాలి. మన ఒప్పందంలో ఆ మాట ఎక్కడుందో చూపించండి.’’

కేసు అక్కడితో అయిపోయింది. రెండు విడివిడి దారులుగా ఉన్నవాటిని ఆ పదం ఒకే తాళానికి రెండు తాళంచెవులుగా మార్చేసింది. రెండో తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ షరతుకు ఒప్పుకోని కంపెనీ చేతిలో.

ఆ పదం ఎలా వచ్చిందన్నదాని మీద అప్పట్లో పెద్ద రభసే జరిగింది. మేము దీనికి ఒప్పుకోలేదని ప్రతిపక్షం అంది. బిల్లు ఇక సాఫీగా గట్టెక్కుతుందని బీజేపీతో కుదిరిన అవగాహన కూడా ఆ గొడవలో ఊగిసలాడింది. అయితే ఆ పదం దారితప్పి వచ్చింది కాదని మాత్రం బిల్లు పక్కన అంతర్జాతీయ పాఠాన్ని పెట్టి చదివితే తెలుస్తుంది. అణు నష్టానికి అనుబంధ పరిహార ఒడంబడిక అని ఒకటుంది. అందులో ఆపరేటరుకు తిరిగి అడిగే హక్కు రెండే సందర్భాల్లో. ఒప్పందంలో రాసుకుంటే, లేదా ఒక వ్యక్తి నష్టం చేయాలనే ఉద్దేశంతో చేస్తే. నాసిరకం సామగ్రికి అందులో చోటు లేదు. అమెరికా కంపెనీలు అడిగింది సరిగ్గా ఆ నమూనానే. 17(బి)ని జూన్‌లో నేరుగా తీసేయడం కుదరలేదు. ఆగస్టులో ‘అండ్’ ఉంటే, తీయకుండానే తీసేసినట్టయ్యేది.

రెండు రోజుల తర్వాత, ఆగస్టు 20న, కేంద్ర కేబినెట్ సవరణలను ఆమోదించింది. ‘అండ్’ పోయింది. ఊపిరి పీల్చుకున్నవాళ్లు కొత్త పాఠం చేతికి రాగానే మళ్లీ కళ్లద్దాలు సర్దుకున్నారు. 17(బి)లో ఇప్పుడు ఇంకో మాట దూరింది. సరఫరాదారు గానీ అతని ఉద్యోగి గానీ ‘అణు నష్టం కలిగించే ఉద్దేశంతో’ చేసిన పని వల్ల ప్రమాదం జరిగితేనే, అని.

మన ఊహా కోర్టులోకి మళ్లీ వెళ్దాం.

‘‘పగులు ఉంది, ఒప్పుకున్నాం. కానీ మీ ఊళ్లు నాశనం కావాలనే ఆ వాల్వు పంపామని రుజువు చేయండి.’’

ఎవరు రుజువు చేయగలరు? ప్రపంచంలో ఏ కంపెనీ తన రియాక్టరు పేలిపోవాలని కోరుకుంటుంది? లాభం కోసం ఖర్చు తగ్గించుకుంటుంది, పరీక్ష ఒకటి ఎగ్గొడుతుంది, పాత డిజైనును కొత్తదని అంటగడుతుంది. భోపాల్‌లో జరిగింది అలాంటిదే. అక్కడ కూడా తెలిసి చేశారా అన్న ప్రశ్న దగ్గరే కేసు నీరుగారింది. 1996లో సుప్రీంకోర్టు అభియోగాన్ని నిర్లక్ష్యం సెక్షనుకు తగ్గించింది కాబట్టే 2010లో రెండేళ్ల శిక్షకు మించి పడలేదు. అదే గొయ్యిని అణు చట్టంలో మళ్లీ తవ్వుతున్నారని చూసినవాళ్లకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఆ తర్వాతి నాలుగైదు రోజులు ఢిల్లీలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ప్రభుత్వం తరఫున ప్రణబ్ ముఖర్జీ బీజేపీ నాయకులతో మంతనాలు సాగించారు. నవంబరులో అమెరికా అధ్యక్షుడు ఒబామా వస్తున్నారు. ఈలోపు చట్టం కావాలి. రాజ్యసభలో ప్రభుత్వానికి సొంత బలం చాలదు. ఎవరికి ఎవరి అవసరం ఎంతుందో రెండు పక్షాలకూ తెలుసు. అంతా సిద్ధాంత నిష్ఠతోనే జరిగిందని నేను చెప్పను, బేరాలూ జరిగాయి. కానీ బేరం జరిగింది అచ్చయిన పాఠం మీద, దేశమంతా చూస్తుండగా, ఒక్కో పదం మీద. పార్లమెంటు ఉన్నదే అందుకు.

ఆగస్టు 25, బుధవారం, లోక్‌సభ. బీజేపీ తరఫున జస్వంత్ సింగ్ చర్చలో మాట్లాడారు. వామపక్షాలు సరఫరాదారు బాధ్యత ఇంకా గట్టిగా ఉండాలని, పరిమితి అసలే వద్దని పట్టుబట్టాయి. ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి, అమెరికా ప్రయోజనాల కోసం ఈ పని చేస్తున్నామన్న ఆరోపణను తోసిపుచ్చారు. 1991లో ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడూ తన మీద ఇలాంటి నిందే వేశారని గుర్తుచేశారు. చవాన్ జవాబిచ్చారు. ‘ఉద్దేశం’ అన్న మాట పోయింది. 17(బి) చివరికి ఇలా నిలిచింది: సరఫరాదారు లేదా అతని ఉద్యోగి చేసిన పని వల్ల ప్రమాదం జరిగితే ఆపరేటరుకు తిరిగి రాబట్టుకునే హక్కు ఉంటుంది, పైకి కనిపించే లేదా దాగి ఉన్న లోపాలున్న పరికరాలు, సామగ్రి సరఫరా చేయడం, నాసిరకం సేవలు అందించడం కూడా ఆ పనిలోకి వస్తాయి. వామపక్షాల సవరణలు వీగిపోయాయి. మూజువాణి ఓటుతో బిల్లు పాసైంది. 30న రాజ్యసభ ఆమోదించింది. సెప్టెంబరు 21న రాష్ట్రపతి సంతకం పడింది.

నాటకమైతే ఇక్కడ తెర దించొచ్చు. జరిగిన కథ అలా ఆగలేదు.

ఆరు నెలలు తిరగకుండానే, 2011 మార్చి 11న, జపాన్‌లో సునామీ ఫుకుషిమా అణు కేంద్రాన్ని ముంచింది. అక్కడి మొదటి రియాక్టరు అమెరికాకు చెందిన జీఈ కంపెనీది. జపాన్ చట్టంలో బాధ్యత మొత్తం ఆపరేటరు టెప్కోదే, సరఫరాదారుకు సంబంధం లేదు. మునిగిపోతున్న టెప్కోను 2012లో జపాన్ ప్రభుత్వం, అంటే జపాన్ ప్రజలే, తమ చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. 17(బి) కోసం ఢిల్లీలో పోట్లాడినవాళ్లు అతిగా భయపడ్డారని ఆ తర్వాత ఎవరూ అనలేకపోయారు.

అయినా చట్టం గెలిచిన చోట నిబంధనలు నెమ్మదిగా వెనక్కి లాగాయి. 2011 నవంబరు 11న అమల్లోకి వచ్చిన నిబంధనల్లో 24వది, తిరిగి రాబట్టుకునే హక్కుకు గడువు కట్టింది, సొమ్ముకూ హద్దు గీసింది. ఆపరేటర్ బాధ్యత ఎంతో, ఒప్పందం విలువ ఎంతో, రెండింట్లో ఏది తక్కువైతే అదే. పార్లమెంటు ముందు తలుపు దగ్గర నిలబెట్టిన కాపలాదారును పెరటి దోవలో తప్పించుకుపోయినట్టయింది. దీన్ని కూడా పట్టుకున్నది ఒక పార్లమెంటరీ సంఘమే. చట్టం కింద అధికారులు రాసే నిబంధనలను పరిశీలించే లోక్‌సభ కమిటీ, మూల చట్టంలో లేని హద్దులు నిబంధనల్లో ఎలా వస్తాయని 2012లో అభ్యంతరం చెప్పింది. ఆ నివేదికకు పత్రికల్లో వచ్చిన చోటు చాలా తక్కువ. ఇలాంటి పనికి చప్పట్లు దొరకవు.

చట్టం వచ్చాక పదిహేనేళ్లూ 17(బి) మీద ఒకటే ఫిర్యాదు. ఈ క్లాజు వల్లే విదేశీ రియాక్టర్లు రావడం లేదని, దేశం బొగ్గు పొగలో మగ్గిపోతోందని. ఫిర్యాదులో నిజం కొంత ఉంది. మన అణు విద్యుత్తు సామర్థ్యం 2025 నాటికీ సుమారు 8,800 మెగావాట్ల దగ్గరే ఉంది. వాతావరణం వేడెక్కుతున్న కాలంలో బొగ్గుకు ప్రత్యామ్నాయం కావాలన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ మొత్తం నేరం ఆ ఒక్క క్లాజు నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కొవ్వాడనే చూడండి. మొదట జీఈ అన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. ఒక్కోటి 1,208 మెగావాట్ల ఏపీ 1000 రియాక్టర్లు ఆరు పెడతామన్నారు. 2017 మార్చిలో ఆ వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది. దాన్ని ఆ స్థితికి తెచ్చింది భారత చట్టం కాదు, అమెరికాలో రియాక్టర్లు కట్టలేక మోసిన ఖర్చు. ఈలోపు కొవ్వాడలో సుమారు 2 వేల ఎకరాల భూసేకరణ, పునరావాసం, పరిహారాల లెక్కలు ఏళ్ల తరబడి సాగాయి. రియాక్టరు రాకముందే ఊరు ఖాళీ చేయాల్సిన పరిస్థితి వచ్చింది. సముద్రాన్ని వదిలి లోపలికి పొమ్మంటే మత్స్యకారుడు ఏ పని చేసుకు బతకాలి అన్న ప్రశ్నకు ఏ క్లాజులోనూ జవాబు లేదు.

ఇక ఈ మధ్య సంగతి. 2025 డిసెంబరు 15, సోమవారం, లోక్‌సభలో ‘శాంతి’ బిల్లు వచ్చింది. 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి బాధ్యత చట్టాన్నీ రెండింటినీ రద్దు చేసి వాటి చోట ఒకే చట్టం. అణు కేంద్రాలను నడిపే తలుపు ప్రైవేటు కంపెనీలకు తెరుచుకుంది. తిరిగి రాబట్టుకునే హక్కు ఇప్పుడు రెండే సందర్భాల్లో: ఒప్పందంలో రాసుకుంటే, లేదా నష్టం చేయాలనే ఉద్దేశంతో ఒక వ్యక్తి చేస్తే. 17(బి)లో ఉన్న దాగిన లోపం, నాసిరకం సేవ అన్న మాటలు లేవు. 2010 ఆగస్టులో ‘అండ్’ రూపంలో, ‘ఉద్దేశం’ రూపంలో రెండుసార్లు వచ్చి రెండుసార్లు దొరికిపోయిన కోరిక ఇప్పుడు నేరుగా చట్టమైంది.

చట్టం మార్చే హక్కు పార్లమెంటుకు ఉంది. 2010లో సరైందనుకున్నది 2025లో కాదనుకోవచ్చు. దానికి కారణాలుంటే చెప్పొచ్చు, దేశం వింటుంది. నా బాధ వేరు. బిల్లును స్థాయీ సంఘానికి పంపమని ప్రతిపక్షం అడిగింది. పంపలేదు. 17న లోక్‌సభలో ప్రతిపక్షం వాకౌట్ చేసింది, మూజువాణి ఓటుతో బిల్లు పాసైంది. 18న రాజ్యసభ ఆమోదించింది. 2010లో మే నుంచి ఆగస్టు దాకా పట్టిన పని సోమవారం మొదలై గురువారానికి ముగిసింది. ఇది ఒక్క బిల్లు సంగతి కూడా కాదు. పార్లమెంటు పనితీరును లెక్కగట్టే పీఆర్ఎస్ సంస్థ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్తే, 17వ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతం.

కొత్త చట్టం ఆపరేటర్ బాధ్యతను రియాక్టరు పరిమాణాన్ని బట్టి అంచెలుగా పెట్టింది. అతి పెద్ద వాటికి 3 వేల కోట్లు. కొవ్వాడకు అనుకున్న ఏపీ 1000 ఉష్ణ సామర్థ్యం 3,400 మెగావాట్లు. అది దాని కింది అంచెలోకి వస్తుంది. ఆ అంచెకు పరిమితి 1,500 కోట్లు. పదిహేనేళ్ల కిందట సుబ్బరామిరెడ్డి సంఘం సూచించిన అంకె అదే. ఈ పదిహేనేళ్లలో రూపాయి విలువ ఎంత తగ్గిందో, కొవ్వాడ పక్కన రేడియేషన్‌కు వైద్యం చేయగల ఆస్పత్రి ఉందో లేదో, చేపల వేట ఆగిపోతే ఆ నష్టాన్ని ఎవరు లెక్కగడతారో ఆ నాలుగు రోజుల్లో ఏ సంఘమూ ఏ కార్యదర్శినీ పిలిచి అడగలేదు.